మధ్యయుగ యూరప్‌లో మిన్‌స్ట్రెళ్లు నిజంగా స్వేచ్ఛగా ఊరూరా తిరిగేవారా?

మీరు 13వ శతాబ్దం చివరి ఇంగ్లండ్‌లో జరిగే నవల రాస్తున్నారు. అందులో ముఖ్యపాత్ర ఒక మిన్‌స్ట్రెల్, అంటే పాట, వాద్యం, ఆటలతో పొట్టపోసుకునే వినోదగాడు. భుజాన వాద్యం, ఇల్లూ వాకిలీ లేవు, ఎవరి కొలువులోనూ లేడు, మనసు పుట్టిన ఊరికి వెళ్లి పాడతాడు, పెట్టింది తింటాడు, తెల్లవారేసరికి మళ్లీ దారి పడతాడు. అలాంటి మనిషి నిజంగా ఉండేవాడా, మన హరిదాసులతోనూ జంగమ దేవరలతోనూ అతన్ని పోల్చవచ్చా అన్నది మీ ప్రశ్న.

తిరగడం నిజం. స్వేచ్ఛ మాత్రం చాలావరకు తరవాతి కాలం వాళ్లు అంటగట్టినది. పేరున్న మిన్‌స్ట్రెల్‌కు దాదాపు ఎప్పుడూ ఒక యజమాని ఉండేవాడు: రాజు, ఎర్ల్ అనే పెద్ద ప్రభువు, బిషప్, కాస్త తరవాతి కాలంలో అయితే ఒక పట్టణం. ఆ యజమాని పేరు చెప్పుకొనే అతను దారిలో బతికేవాడు. ఏ పండుగకు ఎవరి సభలో ఉండాలో ముందే తెలుసు. చాలామందికి ఇల్లు, భార్య, పిల్లలు ఉండేవారు. ఏ కొలువూ లేకుండా తిరిగిన వాళ్లూ ఉన్నారు, తక్కువమందేమీ కాదు. కానీ వాళ్ల పరిస్థితికి స్వేచ్ఛ అనే పేరు నప్పదు. దెబ్బ తగిలితే అడిగే దిక్కు లేకపోవడం అది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా వృత్తి. మధ్యయుగ ఇంగ్లండ్ రాజుల ఇళ్లలో, మఠాల్లో, పట్టణాల్లో రాసిపెట్టిన ఖర్చుల పద్దులు చదవడం, వాటిని విద్యార్థులకు నేర్పడం నా పని. పాటలు గాలిలో కలిసిపోయాయి, కానీ పాడినవాడికి ఎంత ఇచ్చారో గుమాస్తా రాసిన పంక్తి మిగిలింది. మీ మనసులో ఉన్న ఒంటరి గాయకుడి బొమ్మ 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఐరోపా కవులు గీసినది. తమ కాలంలో లేని స్వేచ్ఛను వాళ్లు గతంలో వెతుక్కున్నారు. నాకు ఆ కవుల మీద కోపం లేదు. కానీ ఆ బొమ్మ వెనక పనిచేసి బతికిన మనుషులు కనపడకుండా పోయారు. అది నన్ను నిజంగా బాధిస్తుంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ట్రూబదూర్లు వేరు, మిన్‌స్ట్రెళ్లు వేరు. ట్రూబదూర్ దక్షిణ ఫ్రాన్స్‌లో ఆక్సిటాన్ భాషలో పాట కట్టిన కవి. తొలి ట్రూబదూర్‌గా మనకు తెలిసిన గియోమ్ అక్విటేన్ ప్రాంతానికి డ్యూక్, 1126లో చనిపోయాడు. ఆయన కూలికి పాడాల్సిన అవసరం ఏముంది? ఇలాంటి వాళ్లు కట్టిన పాటలను సభల్లో వినిపించి, దానితో పాటు కత్తులు ఎగరేసి, కోతిని ఆడించి, పిల్లిమొగ్గలు వేసి పొట్టపోసుకున్నవాళ్లను ఫ్రాన్స్‌లో జోంగ్లర్లు అనేవారు. ఈ గీత అన్నిచోట్లా ఇంత స్పష్టంగా ఉండేది కాదు. 1274లో గిరౌట్ రికియే అనే ట్రూబదూర్ స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సోకు పద్యరూపంలో విన్నపం పంపాడు. కోతులాడించేవాడినీ, కవినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు, వేరువేరు పేర్లు పెట్టండి ప్రభూ అని. చూసే జనం అందరినీ ఒకే గాటన కట్టేవారని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంగ్లండ్ పద్దుల్లోనూ అంతే. మిన్‌స్ట్రెల్ అని రాసి ఉంటే అతను హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించేవాడు కావచ్చు, బూర ఊదేవాడు కావచ్చు, దొమ్మరి విద్యలు చేసేవాడు కావచ్చు.

ఇక డబ్బు సంగతి. మీ నవల కాలానికి సరిగ్గా సరిపోయే పద్దులు రెండు ఉన్నాయి.

మొదటిది 1290 నాటిది. మొదటి ఎడ్వర్డ్ కూతురు మార్గరెట్‌కు బ్రబాంట్ రాకుమారుడు జాన్‌తో వెస్ట్‌మిన్‌స్టర్‌లో పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలో 426 మంది మిన్‌స్ట్రెళ్లకు 100 పౌండ్లు పంచారు. పంచిన మనిషి రాజుగారి హార్ప్ వాద్యకారుడు వాల్టర్ డి స్టోర్టన్. పౌండుకు 240 పెన్నీల లెక్కన సగటున తలకు 56 పెన్నీలు. మామూలు కూలీకి రోజుకు ఒకటిన్నర, రెండు పెన్నీలు దొరికే కాలం అది. ఒక పెళ్లికి వెళ్తే కూలీ నెల సంపాదన చేతికి వచ్చిందన్నమాట. అందరికీ సమానంగా ఇచ్చి ఉండరు, ఆ మాట కూడా గుర్తుంచుకోండి.

రెండోది 1306 మే 22, పెంతెకొస్తు పండుగ. ఎడ్వర్డ్ తన కొడుకుకూ, అతనితో పాటు 250 మందికి పైగా యువకులకూ నైట్, అంటే గుర్రపు యోధుడి పదవి ఇచ్చాడు. ఆ విందులో వాద్యకారులకు ఇచ్చిన సొమ్ము చిట్టా పేర్లతో సహా మనకు దక్కింది. పైన ఐదుగురు, వాద్యకారుల్లో పెద్దలుగా 'రాజు' అనే బిరుదు ఉన్నవాళ్లు, తలా 5 మార్కులు తీసుకున్నారు. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు (షిల్లింగుకు 12 పెన్నీలు), అది లెక్క కోసం వాడిన మానమే తప్ప నాణెం కాదు. కిందికి వచ్చేకొద్దీ మొత్తాలు తగ్గుతాయి. నేను విద్యార్థుల చేత మొదట చదివించేది ఈ చిట్టానే. ఎందుకంటే పేర్లు ఎలా రాశారో అందులో చూడవచ్చు. 'పాట్రియార్క్ (ఒక పెద్ద మతాధికారి) దగ్గర ఉండే హార్ప్ విలియం' అని ఒక పేరు. మనిషికి గుర్తు అతని వాద్యం, అతని యజమాని. జానిన్ అనే మరొకడికి గుర్తు అతను వాయించే జంట నగారాలు. మటిల్డా మేక్‌జాయ్ అనే స్త్రీ పేరు కూడా ఆ చిట్టాలో ఉంది. ఆమె పిల్లిమొగ్గలు వేసే కళాకారిణి, అంతకు పదేళ్ల ముందే రాకుమారుల ఎదుట ప్రదర్శన ఇచ్చిన మనిషి. మీ నవలలో స్త్రీ పాత్రకు చోటుందా అని మీరు అడగలేదు గానీ, ఉంది.

ఈ కొలువు ఇంకా పాతది. 1086లో విలియం రాజు చేయించిన భూముల సర్వేలో బెర్డిక్ అనే రాజవినోదకుడి పేరిట గ్లోస్టర్‌షైర్ పద్దులో మూడు గ్రామాలు ఉన్నాయి, వాటికి శిస్తు లేదు. హాంప్‌షైర్‌లో అడెలీనా అనే వినోదకారిణికి కొంత భూమి ఉంది. రెండో హెన్రీ కాలంలో సఫోక్‌లోని హెమింగ్‌స్టన్‌లో రోలాండ్ అనే అతను 30 ఎకరాలు అనుభవించాడు. అందుకు ప్రతి క్రిస్మస్ నాడు రాజు ముందు ఒక గెంతు గెంతాలి, ఒక ఈల వేయాలి, ఒక అపానవాయువు వదలాలి. ఇది చదివి అందరూ నవ్వుతారు. నేను మాత్రం ఇందులో చూసేది భూమి. సేవకు ప్రతిఫలంగా మాన్యం, ఆ మాన్యానికి కాగితం. ఆ కాలంలో మనిషి నిలబడేది దాని మీదే.

మరి భూములూ జీతాలూ ఉంటే ఎందుకు తిరిగేవారు? ఇది మీ ప్రశ్నలో అసలు ముడి.

జవాబు రాజుగారి ఇంటి నిబంధనల్లోనే ఉంది. అత్యంత స్పష్టంగా చెప్పేది మీ కాలానికి తరవాతి పత్రం, నాలుగో ఎడ్వర్డ్ 1470ల మొదట్లో రాయించినది. రాజుకు 13 మంది మిన్‌స్ట్రెళ్లు. వారిలో కొద్దిమందే ఎప్పుడూ దగ్గర ఉంటారు. మిగిలినవాళ్లు ఏడాదిలో ఐదు పెద్ద పండుగలకు రావాలి, పండుగ అయిన మర్నాడు వెళ్లిపోవాలి. హాజరైన రోజులకే కూలి, రోజుకు నాలుగున్నర పెన్నీలు. అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు రాజుగారు వాళ్లకు అన్నం పెట్టడు. ఆ రోజుల్లో రాజు వర్ణాల దుస్తులు వేసుకుని, ఒక ప్రభువు కోట నుంచి మరో ప్రభువు కోటకు, ఒక మఠం నుంచి మరో పట్టణానికి వెళ్లి వాయించి బహుమానం తెచ్చుకోవాలి. అదే నిబంధనల్లో ఒక హెచ్చరిక కూడా ఉంది: నా మిన్‌స్ట్రెళ్లు నా ప్రభువులను చొరవగా బహుమానాలు అడగకూడదు, అది నా గౌరవానికి తక్కువ అని. అడుగుతున్నారు కాబట్టే ఆ మాట రాయాల్సి వచ్చింది.

ఇదే ఏర్పాటు చిన్న రూపంలో ఎర్ల్‌ల ఇళ్లలోనూ సాగింది. యజమానికి ఖర్చు తగ్గింది, పేరు పెరిగింది. తన రంగుల దుస్తుల్లో ఒక వాద్యకారుడు పరాయి సభలో చక్కగా వాయిస్తే ఆ మెప్పులో యజమానికీ వాటా ఉంటుంది. వాద్యకారుడికి ఆ దుస్తులే దారిపత్రం. కోట ద్వారపాలకుడు ముందు చూసేది వాటినే. పట్టణాల పద్దుల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎలా వాయించాడన్నది గుమాస్తా రాయడు. ఎవరి మనిషి అన్నదే రాస్తాడు. రాజుగారి మనిషికి ఎక్కువ, ఎర్ల్ మనిషికి కాస్త తక్కువ, పక్క ఊరి నైట్ మనిషికి ఇంకా తక్కువ. నేను చూసిన పద్దుల్లో 6 షిల్లింగుల 8 పెన్నీలు, 3 షిల్లింగుల 4 పెన్నీలు పదేపదే వస్తాయి. ఒకటి అర మార్కు, మరొకటి పావు మార్కు. బేరమాడి ఇచ్చిన సొమ్ము అలా ఉండదు. హోదాకు తగిన కట్నం ముందే ఖాయమై ఉన్నదని అర్థం.

సొమ్ము ఒక్కటే కాదు, బట్టలూ ఇచ్చేవారు. దీనికి అన్నిటికంటే హృద్యమైన సాక్ష్యం జర్మన్ భాషా ప్రాంతం నుంచి వస్తుంది. పసావు బిషప్ వోల్ఫ్‌గర్ ప్రయాణ ఖర్చుల చిట్టాలో 1203 నవంబర్ 12న ఒక పద్దు ఉంది: గాయకుడు వాల్టర్ ఫోన్ డెర్ ఫోగెల్‌వైడకు బొచ్చు కోటు కోసం 5 షిల్లింగులు. మధ్యయుగ జర్మన్ కవుల్లో అగ్రగణ్యుడైన వాల్టర్ గురించి అతను బతికి ఉండగా రాసిన ప్రభుత్వ, మఠ పత్రం ఏదైనా ఉందంటే ఈ ఒక్క పంక్తే. చలికాలం ముంచుకొస్తుంటే ఒక కవికి కోటు కావాలి. ఆ పంక్తి చదివినప్పుడల్లా కవిత్వం కంటే ఆ చలే నాకు ముందు తగులుతుంది.

ఇంటి సంగతికి వస్తాను. 13వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్స్‌కు చెందిన కొలాం మ్యూజె ఒక ప్రభువును దెప్పుతూ పాట కట్టాడు. మీ ఇంట వియెల్ (ఫిడేలు లాంటి వాద్యం) వాయించాను, మీరు నాకు ఏమీ ఇవ్వలేదు అంటాడు. ఖాళీ సంచితో ఇంటికి వెళ్తే భార్య మొహం ఎలా ఉంటుందో, నిండు సంచితో వెళ్తే ఎలా ఉంటుందో వర్ణిస్తాడు. సంచి నిండితే ఆమె చేస్తున్న పని పక్కన పెట్టి నవ్వుతూ ఎదురొస్తుంది, పనివాడు గుర్రాన్ని నీళ్లకు తీసుకుపోతాడు, పనిమనిషి రెండు కోళ్లు కోస్తుంది, కూతురు దువ్వెన తెచ్చి ఇస్తుంది. కవి కొంత పెంచి చెప్పి ఉండవచ్చు. అయినా వినేవాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండాలి కదా! భార్య, కూతురు, గుర్రం, ఇద్దరు పనివాళ్లు ఉన్న మిన్‌స్ట్రెల్ వాళ్లకు వింతగా అనిపించలేదు.

ఇప్పుడు ఏ అండా లేనివాళ్ల గురించి. ఇక్కడ నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే నవలలు వీళ్లనే అందంగా చూపించి వీళ్లకే అన్యాయం చేస్తాయి.

1220ల ప్రాంతంలో ఐకే ఫోన్ రెప్‌గో కూర్చిన సాక్సన్ న్యాయస్మృతిలో ఒక నిబంధన ఉంది. ఎవరికైనా అన్యాయం జరిగితే వాళ్ల హోదాను బట్టి పరిహారం ఇవ్వాలి. మరి ఆటగాళ్లకు, పాటగాళ్లకు జరిగితే? ఒక మనిషి నీడ. అంతే. దెబ్బ కొట్టినవాడు ఎండలో నిలబడితే అతని నీడను పరిహారంగా తీసుకోవచ్చు. ఎంత చదువుకున్న మనసు ఇది రాసిందో ఆలోచిస్తే గుండె మండుతుంది. స్వేచ్ఛగా తిరిగే గాయకుడు చట్టం ముందు ఎంతటివాడో ఇంతకంటే స్పష్టంగా చెప్పే వాక్యం నాకు తెలియదు.

చర్చి మాట ఇంకో రకం. 1215లో నాలుగో లాటరన్ సభ అనే చర్చి మహాసభ, మతాధికారులు వినోదగాళ్ల ఆటలు చూడకూడదని శాసించింది. దాదాపు అదే సమయంలో సాల్స్‌బరీకి చెందిన థామస్ ఆఫ్ చోబమ్, పాపపరిహారాల మీద రాసిన గ్రంథంలో వినోదగాళ్లను వర్గాలుగా విడదీశాడు. ఒళ్లు మెలికలు తిప్పి సిగ్గుమాలిన ఆటలు ఆడేవాళ్లు, ఇల్లు లేకుండా పెద్దల సభలు పట్టుకుని తిరుగుతూ లేనివాళ్ల మీద చాడీలు చెప్పేవాళ్లు, తాగుడు సభల్లో పాడేవాళ్లు, వీళ్లెవరికీ మోక్షం లేదన్నాడు. రాజుల వీరగాథలు, పుణ్యపురుషుల చరిత్రలు పాడి దుఃఖంలో ఉన్నవాళ్లకు ఊరట ఇచ్చేవాళ్లను మాత్రం సహించవచ్చన్నాడు. రాసింది ఇలా ఉంటే జరిగింది మరోలా ఉంది. డరమ్ మఠం పద్దుల్లో సెయింట్ కత్‌బర్ట్ పండుగకు వచ్చిన వినోదగాళ్లకు బహుమానాలు ఏడాది తరవాత ఏడాది కనిపిస్తాయి. నిషేధం చదివి మఠాల్లో పాట లేదని అనుకోకండి.

దొరతనం భయం మరోవైపు. 1315లో రెండో ఎడ్వర్డ్ ఒక ప్రకటన చేశాడు. మిన్‌స్ట్రెళ్లమని చెప్పుకుంటూ సోమరులు పెద్దల ఇళ్లకు వచ్చి తింటున్నారు, కాబట్టి ఒక ఇంటికి రోజుకు ముగ్గురు, నలుగురు పేరున్న మిన్‌స్ట్రెళ్లే వెళ్లాలి, చిన్నవాళ్ల ఇళ్లకు పిలవనిదే పోకూడదు అని. అది వర్షాలకు పంటలు కుళ్లి మహాకరువు మొదలైన ఏడాది. గింజ కరవైతే మొదట మూసుకునేది పాటగాడి ముందు తలుపే. 1402లో నాలుగో హెన్రీ పార్లమెంటు వేల్స్‌లో తిరిగే కవిగాయకుల మీద నిషేధం పెట్టింది. అప్పుడు అక్కడ ఒవైన్ గ్లిన్‌డూర్ తిరుగుబాటు నడుస్తోంది, పాటతో పాటు కబురూ ప్రయాణం చేస్తుందని పాలకులకు తెలుసు.

రక్షణ కోసం వాళ్లు చేసిన పని సంఘం కట్టుకోవడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం ఇది. పారిస్‌లో 1321 సెప్టెంబరులో 37 మంది వాద్యకారులు, స్త్రీలూ పురుషులూ కలిసి, నియమాలు రాసుకుని నగరాధికారికి ఇచ్చారు. వాళ్లంతా ఉన్న వీధికి జోంగ్లర్ల వీధి అనే పేరు. పెళ్లికి మనిషిని కుదుర్చుకోవడానికి ఎవరైనా ఆ వీధిలోకి వస్తే మీద పడి నన్ను తీసుకో అనకూడదు, వచ్చినవాడు తనకు నచ్చినవాణ్ణి పిలుచుకోవాలి. ఒప్పుకున్న పెళ్లి ముగియక ముందే మరో బేరానికి పరుగెత్తకూడదు. జబ్బో చెరసాలో తప్ప, తన బదులు మరొకణ్ణి పంపకూడదు. ఈ నియమాలు చదువుతుంటే ప్రతి నియమం వెనకా ఒక పాత గొడవ వినిపిస్తుంది. పదేళ్లకు, 1331లో, జాక్ గ్రార్, హ్యుయె అనే ఇద్దరు వాద్యకారుల చొరవతో సాన్-మార్తాం వీధిలో పేదలకూ, బాటసారి కళాకారులకూ ఆసుపత్రి వెలిసింది, పక్కనే సెయింట్ జూలియన్ చాపెల్. రోగిష్ఠి అయిన తోటి కళాకారుడికి చోటు దొరకదని వాళ్లకు తెలుసు కాబట్టి తామే కట్టుకున్నారు.

అదే పారిస్‌లో ఒక చిన్న మర్యాద కూడా ఉండేది. 1268 ప్రాంతంలో కూర్చిన వృత్తుల నిబంధనల ప్రకారం పెటి పోం అనే వంతెన దగ్గర సుంకం కట్టాలి. జోంగ్లర్ అయితే ఒక పాట చరణం పాడి వెళ్లవచ్చు. కోతి ఉన్నవాడు సుంకాధికారి ముందు దాన్ని ఆడించి వెళ్లవచ్చు. మీ నవలలో ఒక సన్నివేశం దీని నుంచి పుట్టకపోతే నాకు ఆశ్చర్యం.

ఇంగ్లండ్‌లో చెస్టర్ ప్రాంతానిది ప్రత్యేకమైన కథ. ఎర్ల్ రానల్ఫ్‌ను వెల్ష్ సైన్యం రడ్లన్ కోటలో ముట్టడించిందట. అప్పుడు చెస్టర్‌లో సంత జరుగుతోంది. అతని సేనాని రోజర్ డి లేసీ సంతలో ఉన్న వాద్యకారులను, చెప్పులు కుట్టేవాళ్లను, తిరుగుబోతులను పోగుచేసి బయలుదేరితే, దూరం నుంచి ఆ గుంపును చూసి పెద్ద సైన్యం వస్తోందనుకుని ముట్టడివాళ్లు వెనుదిరిగారట. కథ ఎంతవరకు నిజమో గానీ, దాని పేరిట పుట్టిన హక్కు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. చెషైర్ వాద్యకారుల మీద అధికారం డటన్ కుటుంబానికి వచ్చింది. ఏటా నడివేసవిలో చెస్టర్‌లో వాళ్లు కొలువు తీర్చి, ఒక్కొక్కరి దగ్గర రుసుము తీసుకుని లైసెన్సు ఇచ్చేవారు. ఆ కొలువు చివరిసారి 1756లో జరిగింది.

హరిదాసులతో, జంగమ దేవరలతో పోలిక గురించి అడిగారు. పైకి కనిపించే పోలిక ఉంది, లోపలి నిర్మాణం వేరు. మన దగ్గర పిచ్చుకగుంట్లవారు, మందహెచ్చులవారు వంటి కథకులకు ఫలానా కులం ఇళ్లు, ఫలానా ఊళ్లు వంశపారంపర్యపు హక్కు. దాత కులం ఏదో పుట్టుకతోనే తేలిపోతుంది, కథకుడు ఆ కులపురాణమే చెబుతాడు. మిన్‌స్ట్రెల్‌కు అలాంటి పుట్టుక హక్కు లేదు. కొడుకు తండ్రి విద్య నేర్చుకోవడం మామూలే గానీ, యజమాని చచ్చిపోతేనో, మనసు మారితేనో కొలువు పోతుంది. హరిదాసు గడపలో నిలబడటం పుణ్యం అనుకునే ఇల్లాలు మనకు ఉంది. మిన్‌స్ట్రెల్ రాకకు అలాంటి పుణ్యం అంటుకోలేదు. వాద్యాల దగ్గర మాత్రం చుట్టరికం నిజమైనదే. షామ్ అనే గట్టిగొంతు వాద్యమూ, జంట నగారాలూ అరబ్బు లోకం నుంచి ఐరోపాకు చేరాయి. మన సన్నాయి, నగారా కూడా ఆ కుటుంబంలోవే.

మీ పాత్రకు పనికొచ్చే సంగతులు కొన్ని, తోచిన వరసలో చెబుతాను.

వాద్యం చూసి ఇవ్వండి. షామ్, బూర, నగారా బయలుప్రదేశానికి, ఊరేగింపుకి, విందులో వంటకాలు వచ్చే వేళకి. హార్ప్, వియెల్ గదిలోకి, భోజనం అయ్యాకకి. 1290లలో గిటారు లాంటి పెద్ద వాద్యం భుజాన వేసుకున్న మనిషి ఇంగ్లండ్ దారుల్లో లేడు. హార్ప్ కూడా ఒళ్లో పట్టేంత చిన్నదే.

భాష. ఆ కాలపు ప్రభువుల సభలో ఫ్రెంచ్ నడుస్తుంది, సంతలో, సత్రంలో ఇంగ్లిష్. రెండూ వచ్చినవాడికి రెండు చోట్లా కూడు. మీ పాత్రకు ఒక్క ఇంగ్లిషే వస్తే ఎర్ల్ సభలో అతన్ని నిలబెట్టకండి.

నమ్మకూడని కథలు రెండు. చెరలో ఉన్న ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను బ్లాండెల్ అనే గాయకుడు కోట గోడ కింద పాట పాడి కనిపెట్టాడన్నది రిచర్డ్ 1192లో పట్టుబడిన దాదాపు 70 ఏళ్లకు పుట్టిన కథ. మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను జయించాక అక్కడి కవిగాయకులను ఊచకోత కోయించాడన్నది ఇంకా తరవాతి కాలపు కవుల ద్వారా ప్రచారమైంది, ఆ కాలపు ఆధారం ఏదీ లేదు. ఈ రెండో కథను పాత్రల నోట చెప్పించాలనుకుంటే కూడా కాలం అడ్డొస్తుంది. అలాగే ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు 1840ల నుంచి అమెరికాలో తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించిన ప్రదర్శనలు ఇదే పేరుతో ఎదురవుతాయి. వాటికీ మధ్యయుగాలకూ సంబంధం లేదు.

తరవాత ఏమైంది అని మీ పాఠకులు అడుగుతారు కాబట్టి ఒక్క పేరా. 1469లో నాలుగో ఎడ్వర్డ్ తన మిన్‌స్ట్రెళ్ల సంఘానికి పత్రం ఇస్తూ, రైతులూ చేతివృత్తులవాళ్లూ రాజు దుస్తులు వేసుకుని మోసం చేస్తున్నారని రాశాడు. పట్టణాలు తమ సొంత వాద్యకారులను జీతానికి పెట్టుకున్నాయి. యార్క్‌షైర్‌లోని బెవర్లీలో సెయింట్ మేరీ చర్చిలో 16వ శతాబ్దపు వాద్యకారులు తమ ఖర్చుతో ఒక స్తంభం కట్టించి, దాని మీద తమ బొమ్మలే ఐదు చెక్కించుకున్నారు. వీలైతే వెళ్లి చూడండి, రంగులు వేసిన అంగీలు, మెడలో గొలుసులు, తలెత్తుకు నిలబడ్డ మనుషులు. కానీ 1572 చట్టం ప్రభువు అండగాని, న్యాయాధికారుల లైసెన్సుగాని లేని మిన్‌స్ట్రెళ్లను దేశదిమ్మరుల జాబితాలో చేర్చింది. శిక్ష కొరడా దెబ్బలు, కుడి చెవికి కాల్చిన ఇనుముతో రంధ్రం. చెస్టర్ డటన్ల హక్కును మాత్రం ఆ చట్టం ముట్టుకోలేదు.

చివరగా, మీ కథకు నా సలహా. అతనికి ఒక యజమానిని ఇవ్వండి, ఆ యజమాని కథ మధ్యలో చనిపోవాలి. వేసుకున్న దుస్తుల రంగుకు అప్పటి నుంచి విలువ లేదు. ద్వారపాలకుడు అడిగితే ఎవరి మనిషినని చెప్పాలి? అది కూడా ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో జరిగితే మరీ మంచిది. ఆ నలభై రోజులు విందులు ఉండవు, పాటకు గిరాకీ ఉండదు. కొలువున్నవాళ్లు ఆ రోజుల్లో సముద్రం దాటి ఫ్లాండర్స్ వైపు వాద్యకారుల పాఠశాలలకు వెళ్లి కొత్త పాటలు నేర్చుకుని వచ్చేవారు. మూడో ఎడ్వర్డ్ తన తిత్తి వాద్యకారులు ఇద్దరిని అలా పంపుతూ ఒకరికి 30 షిల్లింగులు, మరొకరికి 40 షిల్లింగులు దారిఖర్చు ఇచ్చాడు. మీ పాత్రకు ఆ ఖర్చు ఇచ్చేవాళ్లు లేరు. ఆ నలభై రోజులు అతను ఎక్కడ పడుకుంటాడో, ఎవరి దగ్గర అప్పు చేస్తాడో, వాద్యాన్ని తాకట్టు పెడతాడో లేదో ముందు తేల్చుకోండి. రాసిన అధ్యాయాల్లో డబ్బు, దుస్తులు, పండుగల తేదీలు సరిగా పడ్డాయో లేదో చూడాలంటే ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను.